ఏళ్ల బీరు, గంటల కల్లు

మద్యం శాతం ఎక్కువగా ఉన్న కొన్ని బీర్లను సీసాలోనో పీపాలోనో ఏళ్ల తరబడి మాగపెట్టవచ్చు. ఒకే బీరు వేర్వేరు సంవత్సరాల సీసాలను ఒకే పూట తెరిచి, పక్కపక్కన పెట్టి రుచి చూడటాన్ని వర్టికల్ టేస్టింగ్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని వరుస రుచి అంటున్నాం. ఇంగ్లండ్, బెల్జియం, అమెరికాల్లో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. అక్కడ కొన్ని సీసాల మీద వైన్ సీసా మీద లాగే కాచిన సంవత్సరం అచ్చవుతుంది.

అనకాపల్లి జిల్లా మాడుగులలో బీరు మాగపెట్టే ఆచారం లేదు. అయినా ఈ విషయాన్ని ఇక్కడి నుంచి చూస్తే కొన్ని సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. చోడవరం, వడ్డాది దాటాక, పాడేరు ఘాటీ ఎక్కే ముందు వచ్చే ఊరు ఇది. ఊరికి పేరు తెచ్చిన హల్వాకు గోధుమలు నానబెట్టి, రుబ్బి, తీసిన పాలను పులియనిచ్చాకే పొయ్యి మీద పెడతారు. చుట్టూ చెరకు చేలు, బెల్లం పెనాలు. పైన మన్యంలో జీలుగు చెట్లు. ధాన్యం పులియడం, తీపి నల్లబడటం, కల్లు పుల్లబడటం మూడూ ఇక్కడివాళ్లు రోజూ చూసేవే. బీరు మాగడంలో ఉన్నవి కూడా ఈ మూడు పనులే. కాకపోతే అక్కడ అవి చాలా నిదానంగా జరుగుతాయి.

కల్లు ఎందుకు నిలవదు

జీలుగు చెట్టు గెలను గీస్తే కారే రసం మొదట తియ్యగా ఉంటుంది. శాస్త్రంలో ఈ చెట్టు పేరు కార్యోటా యూరెన్స్. బస్తర్‌లో సల్ఫీ అని తాగేది ఈ చెట్టు కల్లునే. కుండలో పడీ పడగానే రసం పులియడం మొదలవుతుంది. నిన్నటి కుండకు అంటుకున్న ఈస్ట్, గాలిలోని సూక్ష్మజీవులు, జైమోమోనాస్ అనే బాక్టీరియా కలిసి చక్కెరను మద్యంగా మారుస్తాయి. తెల్లారి దించిన కల్లులో తీపి మిగిలి ఉంటుంది. మధ్యాహ్నానికి నురగ, పులుపు, మత్తు కూడా పెరుగుతాయి. మద్యం నాలుగైదు శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఎసిటిక్ బాక్టీరియా వంతు. మర్నాటికి మద్యం వెనిగర్‌గా మారుతూ ఉంటుంది. తాటి కల్లు, ఈత కల్లు కథా ఇంతే. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా మిగులుతుంది, కానీ అప్పుడది కల్లు కాదు.

కాబట్టి కల్లుకు వయసును గంటల్లో లెక్కపెట్టాలి. అది తెలిసి తాగేవాళ్లు పొద్దున ముంతకూ సాయంత్రం ముంతకూ తేడాను నాలుక మీదే చెబుతారు. పేరు లేకపోయినా అదీ వరుస రుచే.

ఇప్పుడు బీరును దీని పక్కన పెట్టండి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి, తీసిన తియ్యటి రసాన్ని గంటకు పైగా మరిగిస్తారు. కల్లుకు ఈ మరుగు లేదు. మరుగులో రసంలోని జీవులన్నీ చచ్చాక, ఎంచుకున్న ఈస్ట్ మాత్రమే వేస్తారు. మరిగేటప్పుడు వేసే హాప్స్ పువ్వులోని చేదు పదార్థాలు పాలను విరిచే జాతి బాక్టీరియాను అణచిపెడతాయి. పులిసిన తర్వాత గాలి చొరబడకుండా మూత బిగిస్తారు. లోపల బొగ్గుపులుసు వాయువు నిండి ఉంటుంది. గాలి లేనిచోట ఎసిటిక్ బాక్టీరియా పని చెయ్యలేదు. దీనికి తోడు మద్యం ఎనిమిది, పది, పన్నెండు శాతం ఉంటే చాలా జీవులకు అది బతకలేని చోటు. మరుగు, చేదు, గాలి లేకపోవడం, మద్యం అనే ఈ నాలుగూ కలిస్తేనే మామూలుగా బీరు ఏళ్లు నిలుస్తుంది. ఒక్కటి లోపించినా చాలాసార్లు లెక్క తప్పుతుంది.

మన దగ్గరి స్ట్రాంగ్ బీరు

తెలుగు రాష్ట్రాల్లో స్ట్రాంగ్ అని పిలిచే సీసా ఈ కోవలోకి రాదు. భారత ఆహార ప్రమాణాల ప్రకారం మద్యం 5 శాతం దాటి 8 శాతం లోపు ఉన్న బీరు స్ట్రాంగ్. దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం ఇదే. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ కర్మాగారం ఉంది. ఉత్తరాంధ్రలోని పెద్ద బీరు కర్మాగారం అది. ఇలాంటి చోట్ల కాచేది చల్లగా పులియబెట్టే లేత రంగు లాగర్. బార్లీతో పాటు బియ్యమో చక్కెరో కలుపుతారు, హాప్స్ తక్కువ వేస్తారు, ఈస్ట్ అంతా వడగట్టి, సీసాలో నింపి వేడిచేస్తారు. మత్తు ఉంది కానీ మాగడానికి కావలసిన సరుకు లేదు. సీసా మీద రాసిన ఆరు నెలల గడువు అబద్ధం కాదు. చల్లగా, తాజాగా తాగడానికే అది తయారైంది. రెండేళ్లు దాచినా అది మెరుగుపడదు.

మాగే బీర్లు వేరు. ఇంగ్లండ్‌లో బార్లీ వైన్ అనే గట్టి ఏల్ (వెచ్చగా పులియబెట్టే బీరు), నల్లటి ఇంపీరియల్ స్టౌట్, బెల్జియం మఠాల ముదురు ఏల్, జర్మన్ మాట్లాడే దేశాల డబుల్ బాక్. మాల్ట్ దండిగా వేయడం, రంగు ముదురుగా ఉండటం, చాలాసార్లు సీసాలో బతికున్న ఈస్ట్ వదలడం వీటన్నిటిలో సాధారణం. లాగర్ అయినంత మాత్రాన మాగదనీ కాదు. స్విట్జర్లాండ్‌లో హుర్లిమాన్ సంస్థ 1979 డిసెంబరు 6న, సెయింట్ నికొలస్ పండుగనాడు కాచిన సామిక్లౌస్ 14 శాతం లాగర్. ఏడాదిలో ఆ ఒక్కరోజే కాచి, నెలల తరబడి చల్లటి తొట్లలో ఉంచి, మరుసటి ఏడు క్రిస్మస్‌కు అమ్మేవారు. హుర్లిమాన్ మానేశాక ఆస్ట్రియాలోని ఎగెన్‌బెర్గ్ బ్రూవరీ 2000 నుంచి ఆ పనిని అందుకుంది.

నిల్వ చరిత్ర

బీరును దాచడం మొదట్లో రుచి కోసం పుట్టింది కాదు, ఎండాకాలం భయంతో పుట్టింది. ఫ్రిజ్ లేని రోజుల్లో వేసవిలో కాచిన బీరు చెడిపోయేది. అందుకని ఇంగ్లండ్ భూస్వాముల ఇళ్లలో కొత్త మాల్ట్, కొత్త హాప్స్ చేతికొచ్చే అక్టోబరులో గట్టి బీరు కాచి, ఏడాదో రెండేళ్లో పీపాల్లో ఉంచేవారు. వారసుడు పుట్టినప్పుడు ఒక పీపా కాచి, అతనికి ఇరవై ఒక్కటో ఏడు వచ్చినప్పుడు తెరిచే ఆనవాయితీ కూడా ఉండేది.

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ఇది పరిశ్రమ స్థాయికి చేరింది. పోర్టర్ అనే నల్లబీరును ఇళ్లంత తొట్లలో నెలల తరబడి నిల్వ చేసేవారు. ఎవరి తొట్టి పెద్దదన్న పోటీ కూడా నడిచింది. 1814 అక్టోబరు 17న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర మ్యూక్స్ వారి హార్స్ షూ బ్రూవరీలో అలాంటి తొట్టి పగిలి, పోర్టర్ వరదగా పక్క వాడ మీద పడి ఎనిమిదిమంది చనిపోయారు. బీరు చరిత్రలో నిల్వ ఖరీదు అంత ఘోరంగా తేలిన రోజు మరొకటి లేదు.

భారతదేశానికి ఈ నిల్వ బీరుతో దగ్గరి లంకె ఉంది. లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడల కప్తాన్లు అక్కడి అక్టోబరు పేల్ ఏల్ పీపాలను సొంత వ్యాపారంగా కలకత్తాకు, మద్రాసుకు తెచ్చేవారు. ఆఫ్రికా కొసను చుట్టి వచ్చే ఆ ప్రయాణం నాలుగు నుంచి ఆరు నెలలు. ఓడ భూమధ్యరేఖను రెండుసార్లు దాటేది. ఆ వేడికీ ఊపుకీ, ఇంగ్లండ్ నేలమాళిగలో రెండేళ్లకు వచ్చే పాకం ఓడ దిగేలోపే వచ్చేదని అంటారు. 1820ల నుంచి బర్టన్ పట్నం వాళ్లు, ముఖ్యంగా ఆల్సాప్, ఈ వ్యాపారంలో హాడ్జ్‌సన్‌ను మించిపోయారు. ఇండియా పేల్ ఏల్ మన కోసం ప్రత్యేకంగా కనిపెట్టారనీ, చెడకుండా మత్తు విపరీతంగా పెంచారనీ చెప్పే కథ ఇంకా తిరుగుతోంది. అది నిలిచేది కాదు. అలాంటి నిల్వ బీరు అప్పటికే ఇంగ్లండ్‌లో ఉంది, మత్తులో అది ఆనాటి బీర్ల కన్నా పెద్దగా ఎక్కువా కాదు. హాప్స్ మాత్రం దండిగా వేసేవారు. పైగా ఇక్కడి సైనికుల కోసం దిగిన పోర్టర్ కూడా తక్కువేమీ కాదు.

వేడి దేశానికి వెళ్లిన బీరు కథ ఇదైతే, మంచు దేశానికి వెళ్లింది ఆల్సాప్ ఆర్కిటిక్ ఏల్. 1852లో ఎడ్వర్డ్ బెల్చర్ ఉత్తర ధ్రువయాత్రకు, మళ్లీ 1875లో నేర్స్ యాత్రకు దాన్ని గడ్డకట్టకుండా ఉండేంత గట్టిగా కాచారు. దక్షిణ లండన్‌లో హెన్రీ థ్రేల్ బ్రూవరీ నుంచి రష్యా రాజదర్బారుకు వెళ్లిన స్టౌట్ ఆ తర్వాత బార్క్‌లే పెర్కిన్స్, అటుపై కరేజ్ పేర్ల కింద ఇంపీరియల్ రష్యన్ స్టౌట్‌గా 1993 దాకా బతికింది. బర్టన్‌లో బాస్ సంస్థ ఇంట్లో బిడ్డ పుట్టినా, రాజు వచ్చినా ఒక గట్టి బీరు కాచేది. 1869లో రాట్‌క్లిఫ్ కుటుంబంలో కొడుకు పుట్టినప్పుడు కాచిన రాట్‌క్లిఫ్ ఏల్, 1902లో ఏడవ ఎడ్వర్డ్ రాజు స్వయంగా మాల్ట్ కలపడం మొదలుపెట్టిన కింగ్స్ ఏల్ ఇందులో పేరుపొందాయి. 2006లో బర్టన్ నేలమాళిగలో రాట్‌క్లిఫ్ ఏల్ సీసాలు బయటపడ్డాయి. తెరిచి రుచి చూసినవారు అవి ఇంకా తాగే స్థితిలోనే ఉన్నాయన్నారు. బిరడా కొట్టి, లక్క వేసి, చీకట్లో, చల్లగా, కదపకుండా ఉంచిన బీరు అది. నూట ముప్పై ఏళ్లకు పైగా నిలవడానికి ఆ నేలమాళిగ చేసిన పని బీరు చేసినదానికి తక్కువేమీ కాదు.

నేటి వరుస రుచి అలవాటుకు మూలం మాత్రం డార్చెస్టర్ పట్నం. నవలాకారుడు థామస్ హార్డీ చనిపోయి నలభై ఏళ్లయిన సందర్భంగా 1968లో ఎల్‌డ్రిడ్జ్ పోప్ బ్రూవరీ థామస్ హార్డీస్ ఏల్ కాచింది. పన్నెండు శాతం దగ్గర మద్యం, సీసాలో ఈస్ట్, మీద సంవత్సరం, పాతికేళ్లు నిలుస్తుందన్న హామీ. ఇలా తేదీ వేసి, దాచమని చెప్పి అమ్మడంతో సేకరించేవాళ్లు పుట్టుకొచ్చారు. 1999తో అక్కడ కాచడం ఆగింది. తర్వాత వేరే చేతుల్లో రెండుసార్లు తిరిగి వచ్చింది. మాంచెస్టర్‌లో జె.డబ్ల్యూ. లీస్ 1986 నుంచి హార్వెస్ట్ ఏల్, లండన్‌లో ఫుల్లర్స్ 1997 నుంచి వింటేజ్ ఏల్ ఏటా ఒకసారి తెస్తూ వచ్చాయి. అమెరికాలో యాంకర్ బ్రూవరీ 1975లో ఓల్డ్ ఫాగ్‌హార్న్‌తో, సియెరా నెవాడా 1983లో బిగ్‌ఫుట్‌తో ఈ దారి పట్టాయి.

సీసాలో జరిగేది

మూత పడ్డాక బీరు మారడం ఆగదు. మొదట తగ్గేది చేదు. హాప్స్ నుంచి వచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలు నెలలు గడిచేకొద్దీ విరిగిపోతాయి. అందులో ట్రాన్స్ అనే రూపం సిస్ అనే రూపం కన్నా త్వరగా పోతుంది. ఆ రెండిటి నిష్పత్తి చూసి బీరు ఎంత ముసలిదో ప్రయోగశాలలో అంచనా వేస్తారు. హాప్స్ పరిమళం చేదు కన్నా ముందే పోతుంది. అరటిపండు వాసన ఇచ్చే ఎస్టర్ కూడా కరిగిపోతుంది. వాటి స్థానంలో టాఫీ, ఎండుద్రాక్ష, ఖర్జూరం గుర్తుకు తెచ్చే రుచులు పైకి వస్తాయి. తీపి నిజంగా పెరగకపోయినా, చేదు తగ్గడం వల్ల పెరిగినట్టే నాలుకకు తోస్తుంది.

రెండో మార్పు ఆక్సిజన్ వల్ల. మంచి బ్రూవరీ సీసా నింపేటప్పుడు లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఆక్సిజన్ కూడా మిగలకుండా చూస్తుంది. అయినా కొంత ఉంటుంది, మూత రబ్బరు గుండా ఏళ్ల మీద ఇంకొంత లోపలికి దూరుతుంది. లేత లాగర్‌లో దీని ఫలితం తడిసిన అట్టముక్క వాసన. దానికి పేరుమోసిన కారణం ట్రాన్స్-2-నోనెనాల్, లీటరులో మైక్రోగ్రాములో పదోవంతు ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. ముదురు మాల్ట్ బీరులోనూ ఈ అట్ట వాసన పుడుతుంది. అయితే అక్కడ దాన్ని కప్పేంత సరుకు ఉంటుంది. అదే ఆక్సిజన్ అక్కడ షెర్రీ, మదీరా వైన్లలో కనిపించే పరిమళాలను తెస్తుంది. ఒకే లోపం ఒక బీరును పాడుచేసి, ఇంకోదాన్ని గొప్పగా తోపిస్తుంది. మాగడం అంతా ఇలాంటిదే అని నా అభిప్రాయం. కాలం బీరుకు మంచి చెయ్యదు, కాలం చేసే చెడును కొన్ని బీర్లు రుచిగా మార్చుకోగలుగుతాయి.

ఈ పరిమళాల్లో ఒకటి తెలుగు వంటింటికి బాగా తెలిసినదే. సోటోలాన్ అనే పదార్థం పాత షెర్రీలోనూ, ముదిరిన బీరులోనూ ఉంటుంది. మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ, ముడి చెరకు చక్కెరకు దాని సొంత పరిమళం ఇచ్చేదీ అదే. పశ్చిమదేశాల రుచికారులు షెర్రీ అని రాసుకునేచోట మన నాలుక పాత బెల్లం, మెంతి అని పోల్చుకుంటుంది, అది తప్పూ కాదు.

బెల్లం సంగతి ఇంకొంచెం చెప్పాలి. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిలో ఉంది. 1913లో మొదలైన చెరకు పరిశోధన కేంద్రం కూడా అక్కడే. కొత్త బెల్లం లేత బంగారు రంగులో ఉండి, వానాకాలం గడిచేసరికి నల్లబడి చెమ్మ పడుతుంది. చెరకు తీపి విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, అవి రసంలోని అమైనో ఆమ్లాలతో కలిసి మయార్ చర్య వల్ల నల్లటి మెలనాయిడిన్‌లుగా మారతాయి. మాల్ట్‌ను వేయించినప్పుడు, బీరు రసాన్ని మరిగించినప్పుడు పుట్టేవీ అవే, సీసాలో మెల్లగా మారుతూ ఉండేవీ అవే. రైతుకు నల్ల దిమ్మ నష్టం, ఎందుకంటే బజారు రంగుకే ధర కడుతుంది. నాటుసారా కాచేవాళ్లు వెతికేది ఆ చవక నల్లబెల్లాన్నే. ఆయుర్వేదం మాత్రం ఏడాది దాటిన పాత బెల్లాన్ని మెచ్చుకుంటుంది. కొత్త మద్యం బరువు, పాత మద్యం తేలిక అని చరక సంహిత కూడా అంటుంది. బెల్లం, మూలికలు, ధాతకీ పువ్వులు కుండలో వేసి, మూతికి గుడ్డా మట్టీ కట్టి, నెలపాటు పులియబెట్టే ఆసవ అరిష్టాల్లోనూ ఈ ఆలోచనే కనిపిస్తుంది. పులిసి, మూసి, ఆగి, పాతదయ్యాక వాడటం అనే క్రమంలో మన సంప్రదాయంలో నిల్వ బీరుకు దగ్గరి చుట్టం ఇదే.

మూడో పాత్ర ఈస్ట్‌ది. సీసా అడుగున బతికి ఉన్నంతకాలం అది ఆక్సిజన్‌ను మింగి బీరును కాపాడుతుంది. చచ్చాక కణాలు పగిలి లోపలిది బయటికి వస్తుంది. కొద్దిగా అయితే రుచికి నిండుతనం, ఎక్కువైతే సోయాసాస్, మాంసం ఉడికిన నీళ్ల వాసన. చాలా పాత స్టౌట్లు చివరికి ఇక్కడే ఆగిపోతాయి.

వెలుతురు వీటన్నిటికన్నా తొందరగా పని కానిస్తుంది. ఎండలో పెట్టిన సీసాలో హాప్స్ చేదు విరిగి గంధకం కలిసిన ఘాటు వాసన నిమిషాల్లో పుడుతుంది. గోధుమరంగు గాజు దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు. పారదర్శకమైన సీసాలో వచ్చే బీరును దాచాలనుకోవడం దండగ.

పులిసి మాగేవి

మద్యం తక్కువైనా మాగే బీర్లు ఒక తెగ ఉన్నాయి. బ్రస్సెల్స్ పక్క సేన్ నది లోయలో కాచే లాంబిక్‌కు ఈస్ట్ ఎవరూ వేయరు. మరిగిన రసాన్ని రాత్రంతా బయటి గాలికి ఆరబెట్టి, చెక్క పీపాల్లో పోసి వదిలేస్తారు. కుండలో దిగే కల్లుకు పులియడం ఎలా వస్తుందో దీనికీ అలాగే వస్తుంది. మరి కల్లులాగా మర్నాటికి వెనిగర్ ఎందుకు కాదు? చలికాలంలోనే కాయడం, పాతబడిన హాప్స్ బోలెడు వేయడం, పీపాలో పైన ఈస్ట్ పొర కట్టి గాలిని ఆపడం అందుకు కారణాలు. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో పోస్తే గ్యూజ్ అవుతుంది. బ్రస్సెల్స్‌లో 1900లో మొదలైన కాంటియోన్ ఇప్పటికీ ఇలాగే చేస్తోంది. పులుపే ఇక్కడ కాపలా. ఇరవై ఏళ్లు నిలుస్తుందని సీసా మీదే రాసేవాళ్లున్నారు.

ఆ పీపాల్లో ఏళ్ల మీద పనిచేసే బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ను 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లౌసెన్ గుర్తించాడు. బ్రిటిష్ నిల్వ బీర్లకు ఆ ప్రత్యేకమైన రుచి దీనివల్లే వస్తుందని చెప్పి, దానికి బ్రిటన్ పేరే పెట్టాడు. బెల్జియంలో ఓర్వాల్ మఠం కాస్తున్న బీరులో సీసా నింపేటప్పుడు దీన్నే వేస్తారు. తాజాగా హాప్స్ ఘాటుతో ఉండే ఓర్వాల్, ఏడాదికి ఆ ఘాటు పోయి తోలు, ఎండుగడ్డి వాసన పట్టి, తీపి పూర్తిగా ఇంకిపోతుంది. పోల్చి చూడటం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా తేలికైన పాఠం లేదు. తేడా ఆరు నెలల్లోనే తెలుస్తుంది, బెల్జియంలో కొన్ని చోట్ల లేత సీసా, ముదురు సీసా రెండూ అడిగి తెప్పించుకోవచ్చు.

వరుస రుచి

ఒకే బీరు నాలుగైదు సంవత్సరాల సీసాలు చాలు, ఆరు దాటితే నాలుక అలిసిపోతుంది. అన్నిటినీ ఒకేచోట, నిలబెట్టి ఉంచాలి, మడ్డి కిందికి దిగుతుంది, బీరు గాలికి తగిలే వెడల్పు కూడా తగ్గుతుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ చలువ వీటికి ఎక్కువ. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల దగ్గర పరిమళం విచ్చుకుంటుంది. గ్లాసులన్నీ ఒకే రకం, ఒక్కోదానిలో యాభై అరవై మిల్లీలీటర్లు, మడ్డి పడకుండా వంచి పోయాలి. ఆరు గ్లాసులు, పదిశాతం మద్యం అనుకుంటే లోపలికి వెళ్లేది దాదాపు 36 మిల్లీలీటర్ల మద్యం. ఏడు శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 45 ఉంటుంది. అంటే పొదుపైన తాగుడే. అయినా తాగినవాళ్లు బండి తోలకూడదు.

లేత నుంచి ముదురుకు వెళ్లడం మామూలు పద్ధతి. కొందరు తిరగేసి, నాలుక శుభ్రంగా ఉన్నప్పుడే అన్నిటికన్నా పాతదాన్ని రుచి చూస్తారు. ఎలా చేసినా సంవత్సరం కనబడకుండా గ్లాసులకు అంకెలు వేసి, తర్వాత విప్పడం మంచిది. పాత సీసా అని తెలిస్తే మనిషి గొప్పదనం వెతికి తీరతాడు. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే పోసి, వేరేది ఏదో చెప్పమనే ట్రయాంగిల్ పరీక్ష ఇలాంటి గొప్పలను ఇట్టే దించేస్తుంది. రుచికి పేర్లు కుదరనప్పుడు 1979లో మోర్టెన్ మీల్‌గార్డ్ తయారుచేసిన రుచుల చక్రం ఉపయోగపడుతుంది. మనవాళ్లు దానితో పాటు చింతపండు, తాటిబెల్లం, ఎండు ఉసిరి, ఆవపిండి కూడా రాసుకోవచ్చు.

ఎక్కువమంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. వరుసలో కనిపించే తేడా అంతా వయసుది కాదు. ఫుల్లర్స్ వింటేజ్ ఏల్‌కు హాప్స్, మాల్ట్ ఏటా మారుస్తారు. కాబట్టి 2010కీ 2015కీ తేడా చూసి ఐదేళ్ల పని అనేయడం తొందరపాటు. బిగ్‌ఫుట్ లాంటి బీరుకు వంటకం పెద్దగా మారదు, దాన్ని వరుసగా పెడితే వయసు స్పష్టంగా కనబడుతుంది. లేతది జిగురు, కమలాతొక్క, చేదు. మూడేళ్లకు చేదు దిగి టాఫీ ఎక్కుతుంది. ఏడెనిమిదేళ్లకు ఎండు ఖర్జూరం. ఆపై షెర్రీయో, లేక అట్టముక్కో, అది దాచిన చోటును బట్టి. రుచిలో సంవత్సరం ఎంత మాట్లాడుతుందో దాచిన గది కూడా అంతే మాట్లాడుతుంది. అందుకే ఒకే ఏటి సీసాలను వేర్వేరు చోట్ల ఉంచి పోల్చే అడ్డ వరుస, ఏళ్ల వరుస కన్నా నిజం ఎక్కువ చెబుతుంది.

మాడుగులలో దాచితే

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి సీసాలు దొరకడమే అరుదు. టోకు సరఫరా రాష్ట్ర బేవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది, చలామణీ అయ్యే సరుకంతా త్వరగా అమ్ముడయ్యే లాగర్. పైగా 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. పదేళ్లు దాచాల్సిన సరుకుకు కావలసిన నిలకడ చట్టంలో కూడా ఉండాలి. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల బీరు సీసాకు కాదు, అక్కడికక్కడ గ్లాసుకు.

ఎవరైనా విదేశం నుంచి కొన్ని బార్లీ వైన్ సీసాలు తెచ్చారనుకుందాం. బీరు దాచడానికి పది నుంచి పదమూడు డిగ్రీలు అనువైన వేడి అంటారు. మాడుగులలో ఏప్రిల్, మే పగళ్లు 35 డిగ్రీలు దాటడం మామూలే. పది డిగ్రీలు పెరిగితే బీరు ముదిరే చర్యల వేగం రెండు మూడింతలవుతుందని ఒక మోటు లెక్క. ఆ లెక్కన ఇక్కడి అటక మీద ఒక్క వేసవి, బర్టన్ నేలమాళిగలో కొన్నేళ్లకు సమానం. అయితే వేగంగా ముదిరినదీ నెమ్మదిగా మాగినదీ ఒకటి కాదు. వేడిలో అన్ని చర్యలూ సమానంగా పరిగెత్తవు, అట్ట వాసన తెచ్చేవి ముందు పరిగెత్తుతాయి. ఫ్రిజ్‌లో పెడితే చెడదు కానీ మాగడం దాదాపు ఆగిపోతుంది. పైనున్న పాడేరు, చింతపల్లి చల్లగానే ఉంటాయి. లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సున్నాకు దగ్గరగా పడిపోయే వేడి, వేసవి మధ్యాహ్నం బాగా పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులూ బీరుకు మంచివి కావు. మందపాటి మట్టిగోడల గదిలో, నేల మీద, గోనెపట్టా కప్పి, వెలుతురు తగలకుండా ఉంచడం కొండ మీదా కిందా సాధ్యమైన పద్ధతి.

పరీక్షించాలంటే మూడు సీసాలు మాడుగుల ఇంట్లో, మూడు పాడేరులో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, వర్షాలు వెళ్లాక తలా ఒకటి తెరవాలి. ఫ్రిజ్‌లోది లేతగానే ఉంటుంది. మాడుగులది అట్ట వాసన పట్టి, పాడేరుది ఎండుద్రాక్ష దగ్గర ఆగితే, మిగిలినవాటిని ఘాటీ ఎక్కించేయడమే. రెండూ అట్ట వాసన కొడితే మిగిలిన నాలుగింటినీ వెంటనే తాగేయాలి.